అడవి శిఖరం మీద 5 వాట్ల రేడియో: ఎత్తు చేసే పని ఎంత, చెట్లు చేసే పని ఎంత?

హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని, వ్యాపారానికి కాకుండా ఇష్టం కొద్దీ నడిపే సొంత రేడియో స్టేషన్; నడిపేవారు హ్యాములు) గురించి అంతో ఇంతో తెలిసినవారు కూడా, కొండెక్కి రేడియో పెట్టుకుంటారట అనగానే "అవును మరి, ఎత్తు మీద నుంచి సిగ్నల్ దూరం పోతుంది" అని తేల్చేస్తారు. ఊరి పక్క గుట్ట మీద టీవీ టవరును, మొబైల్ టవరును చూస్తూ పెరిగిన మనకు అలా తోచడం సహజమే. ఆ మాట కొన్ని తరంగాల విషయంలో అక్షరాలా నిజం, మరికొన్నింటి విషయంలో దాదాపు అబద్ధం. కొండలెక్కే హ్యాములలో చాలామంది వాడేది ఈ రెండో రకం తరంగాలనే. మరి బరువు మోసుకుంటూ గంటల తరబడి ఎందుకు ఎక్కుతున్నట్టు?

దీనికి జవాబు బోడి కొండల మీద కంటే అడవి కొండల మీద బాగా దొరుకుతుంది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో ఉన్న మౌంట్ లెకాంట్‌ను తీసుకుందాం. అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే తెలుగువారిలో చాలామంది దాని కింద ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊరికి వారాంతాల్లో వెళ్లివచ్చే ఉంటారు. కొండ ఎత్తు 2,010 మీటర్లు. అసలు శిఖరాన్ని హై టాప్ అంటారు. అక్కడికి చేరినవారికి మొదట కలిగేది నిరాశే. చుట్టూ ఫ్రేజర్ ఫర్, రెడ్ స్ప్రూస్ చెట్లు, మధ్యలో ఒక రాళ్ల కుప్ప, అంతే. లోయ కనిపించదు, ఊరు కనిపించదు. ఆ రాళ్ల కుప్పకూ ఒక కథ ఉంది. అదే పార్కులోని కువోహీ శిఖరం (2024 దాకా దాని పేరు క్లింగ్‌మన్స్ డోమ్) దీనికంటే కేవలం 15 మీటర్లు ఎత్తు. ఆ లోటు తీర్చాలని లెకాంట్ అభిమానులు తలా ఒక రాయి వేసి పోతుంటారు. ఫొటోలకు పనికిరాని ఈ శిఖరం రేడియోకు మాత్రం బంగారం లాంటిది.

కొండ మీద నుంచి ప్రసారం చేయడానికి ఒక పద్ధతిని, కొంత పోటీని తెచ్చిపెట్టింది 'సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్' అనే కార్యక్రమం. పొట్టిగా సోటా అంటారు. బ్రిటన్‌లో జాన్ లిన్‌ఫర్డ్ అనే హ్యామ్ ఆలోచనతో 2002 మార్చి 2న మొదలై, తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. చుట్టుపక్కల నేల నుంచి కనీసం 150 మీటర్లు (కొన్ని ప్రాంతాల్లో 100) ప్రత్యేకంగా లేచి ఉన్న శిఖరాలే లెక్కలోకి వస్తాయి. ఎత్తును బట్టి ఒక్కో శిఖరానికి 1 నుంచి 10 దాకా పాయింట్లు. పైకెక్కి ప్రసారం చేసేవారు యాక్టివేటర్లు, వారిని ఎక్కడి నుంచో పట్టుకునేవారు చేజర్లు. పాయింట్లు దక్కాలంటే కనీసం నలుగురు వేర్వేరు హ్యాములతో సంభాషణ పూర్తి కావాలి. ఒక శిఖరానికి పాయింట్లు ఏడాదికి ఒక్కసారే. వెయ్యి పాయింట్లు కూడబెట్టిన యాక్టివేటరుకు 'మౌంటెన్ గోట్' అనే బిరుదు ఇస్తారు. ఇంట్లో కూర్చునే వెయ్యి దాటిన చేజరుకు ఇచ్చే బిరుదులో మేక బదులు స్లాత్ ఉంటుంది. చెట్టుకు వేలాడుతూ కదలడానికి బద్ధకించే జంతువది.

నియమాలన్నీ ఒకే ఉద్దేశంతో రాసినవి: నడిచి ఎక్కాలి, మోసిందే వాడాలి. చివరి దారి ఇంజను సాయం లేకుండా ఎక్కాలి. కారులో కూర్చుని, కారు బ్యాటరీతో మాట్లాడితే చెల్లదు. జనరేటరు అసలే కుదరదు. నేల మీది రిపీటర్ల (సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే యంత్రాల) ద్వారా జరిగిన సంభాషణ లెక్కలోకి రాదు. అన్నింటికన్నా ఎక్కువగా పొరపాటుపడే నియమం స్థలానికి సంబంధించింది. శిఖరం నుంచి నిలువుగా 25 మీటర్లకు మించి కిందికి దిగకూడదు. పైగా ఆ పరిధి విడిపోకుండా ఒకే ముక్కగా ఉండాలి. అంటే పక్కనే దాదాపు అంతే ఎత్తున్న మరో దిబ్బ ఉన్నా, మధ్యలో పల్లం 25 మీటర్లు దాటితే ఆ దిబ్బ పనికిరాదు. లెకాంట్ మీద రాత్రి బస ఇచ్చే లాడ్జి ఒకటి ఉంది. దాని వరండాలో వాలు కుర్చీలు, టీ కప్పు, రేడియో అన్నీ చక్కగా అమరుతాయి. కానీ అది శిఖరానికి 50 మీటర్ల పైచిలుకు కింద ఉంది కాబట్టి అక్కడి నుంచి ఎంతమందితో మాట్లాడినా పాయింట్లు సున్నా. రేడియో సంచి భుజాన వేసుకుని, బులెవార్డ్ కాలిబాట పట్టి హై టాప్ చెట్లలోకి వెళ్లాల్సిందే. సూర్యాస్తమయం చూడటానికి అందరూ వెళ్లే క్లిఫ్ టాప్స్ బండల మీద రేడియో పెట్టాలని మనసు లాగుతుంది. అక్కడికి పోయేముందు పటంలో ఎత్తు రేఖలను చూసుకోవడం మంచిది.

ఇక ఎత్తు సంగతి. 144 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే చేతి రేడియోల తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే సాగుతాయి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. వాతావరణం వాటిని కాస్త వంచుతుంది కాబట్టి కంటి చూపు కంటే కొంచెం ముందుకు పోతాయి. లెక్క చాలా సులువు: యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. మైదానంలో నిలబడి ఒకటిన్నర మీటరు ఎత్తున రేడియో పట్టుకున్నవారికి క్షితిజం 5 కిలోమీటర్లు. గాట్లిన్‌బర్గ్ లోయ నుంచి లెకాంట్ దాదాపు 1,600 మీటర్లు లేస్తుంది. వర్గమూలం 40, దూరం సుమారు 165 కిలోమీటర్లు. ఇక్కడ ఎత్తే సర్వస్వం. నాక్స్‌విల్ లాంటి నగరం వాయవ్యంలో ఈ పరిధిలోనే ఉంది. అటువైపు వారాంతంలో 146.52 మెగాహెర్ట్జ్ మీద పిలిస్తే నలుగురు దొరకడం కష్టం కాదు. దక్షిణం వైపు కథ వేరు. రాష్ట్ర సరిహద్దు మీదుగా పోయే ప్రధాన పర్వత శ్రేణి అటు అడ్డంగా నిలబడి ఉంటుంది, అందులోనే కువోహీ కూడా ఉంది. నార్త్ కరోలినా లోయల్లోని వారికి లెకాంట్ సిగ్నల్ ఆ గోడ దాటి రావాలి.

చెట్ల దెబ్బ తగిలేది కూడా ఈ తరంగాలకే. రెండు మీటర్ల తరంగదైర్ఘ్యానికి కొమ్మలు, ఆకులు, మానులు అన్నీ అడ్డే. వాన పడి తడిసి ఉంటే మరీనూ. 430 మెగాహెర్ట్జ్‌కు ఇంకా ఎక్కువ. ఆకురాల్చే అడవిలో శీతాకాలం కొంత ఉపశమనం ఉంటుంది. లెకాంట్ మీద ఉన్నవి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సూదిమొన ఆకుల చెట్లు కాబట్టి ఆ అవకాశమూ లేదు. చేతి రేడియోతో మాత్రమే వెళ్లిన యాక్టివేటరు ఇలాంటి శిఖరాన్ని తిట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు రేడియో మార్చి 14 మెగాహెర్ట్జ్‌కు, అంటే 20 మీటర్ల బ్యాండుకు వద్దాం. ఈ తరంగాలు దూరం పోయేది చూపు మేర కాదు. పైకి పోయి, సుమారు 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయానో ఆవరణపు పొరలో వంగి, మళ్లీ నేలకు దిగుతాయి. అద్దం 300 కిలోమీటర్ల పైన ఉన్నప్పుడు మనం 2 కిలోమీటర్లు ఎక్కితే కలిసొచ్చేది ఒక శాతం కూడా కాదు. సముద్రమట్టం మీద ఉన్నవారికీ, లెకాంట్ మీద ఉన్నవారికీ ఆ పొర ఒక్కటే దూరం అనుకోవచ్చు. నిటారుగా దిగే వాలు ముందున్నప్పుడు తరంగం కాస్త తక్కువ కోణంలో బయలుదేరి ఇంకొంచెం దూరం దూకుతుందన్నది నిజమే, అనుభవజ్ఞులు ఆ వాలు చూసుకునే తీగ కడతారు. కానీ ఆ లాభం వాలుది, సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తుది కాదు. ఈ బ్యాండులో ఇంకో విచిత్రం ఉంది. కొండ మీద నుంచి చూస్తే దీపాలు కనిపించే దూరంలో ఉన్న నాక్స్‌విల్ మనిషికి మన పిలుపు వినిపించకపోవచ్చు, అదే సమయంలో స్పెయిన్‌లో ఉన్నాయన శుభ్రంగా వినవచ్చు. పైకి పోయిన తరంగం మొదట దిగే చోటు వందల కిలోమీటర్ల అవతల ఉంటుంది, ఈలోపు ఉన్నవారందరూ దాని కింద మిగిలిపోతారు. దగ్గరి రాష్ట్రాలు కావాలంటే 7 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. అక్కడ తరంగం మరింత నిలువుగా పోయినా తిరిగి వస్తుంది.

ఎత్తు పెద్దగా పనికిరాకపోతే కొండ ఇస్తున్నదేమిటి? నా ఉద్దేశంలో అసలు కానుక నిశ్శబ్దం. నగరంలో ప్రతి ఇంట్లోనూ పదుల కొద్దీ చిన్న చిన్న ప్రసార కేంద్రాలు ఉన్నాయి: ఫోను ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఇంటర్నెట్ మోడెంలు. ఇవేవీ ప్రసారం చేయడానికి తయారైనవి కావు, కానీ వీటిలోని విద్యుత్తు క్షణానికి వేలసార్లు తెగుతూ కలుస్తూ షార్ట్‌వేవ్ అంతటా రొదను చల్లుతుంది. అపార్టుమెంటులో కూర్చున్న హ్యామ్ పరిస్థితి పెళ్లిలో బ్యాండుమేళం పక్కన నిలబడి ఫోనులో మాట్లాడే మనిషిదే. వచ్చే సిగ్నల్ బలాన్ని ఎస్1, ఎస్2 అంటూ మెట్లలో చూపే రేడియో మీటరు మీద ఈ రొద ఎస్7 దాకా చూపడం మామూలు. అడవి శిఖరం మీద అది ఎస్1 దగ్గర పడి ఉంటుంది. ఒక్కో మెట్టు 6 డెసిబెల్‌లు, ఆరు మెట్లకు 36. అంటే రొద శక్తి దాదాపు 4,000 రెట్లు తగ్గింది. వెయ్యి రూపాయలకో లక్షకో ఏ పరికరం కొన్నా ఇంట్లో ఈ తేడా రాదు. కొండ మీద టవర్లు ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు. ఎఫ్‌ఎం, టీవీ ప్రసారాల బలానికి చిన్న రేడియో చెవులు మూసుకుపోతాయి. లెకాంట్ శిఖరాన అలాంటివి లేకపోవడం హ్యాముల అదృష్టం.

అయితే ఈ నిశ్శబ్దం లాభం ఒకవైపే. పైనున్నవారు అందరినీ వింటారు. కింద ఊళ్లో ఉన్నవారు ఆ బ్యాండుమేళంలోనే ఉంటారు కాబట్టి వీరి చిన్న రేడియో పంపే 5 వాట్లు వారికి వినపడటం కష్టం. ఇంటి స్టేషన్ల 100 వాట్లతో పోలిస్తే 5 వాట్లు 13 డెసిబెల్‌లు తక్కువ, మీటరు మీద రెండు మెట్లు. లోటు పూడ్చడానికి చాలామంది మాటల బదులు చుక్కలు, గీతలుగా కొట్టే మోర్స్ కోడ్‌ను ఆశ్రయిస్తారు. మాటకు 2,400 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు రెండు వందలు చాలు. కిటికీ ఎంత చిన్నదైతే లోపలికి వచ్చే రొద అంత తక్కువ, ఒక్క దీనివల్లే 10 డెసిబెల్‌లకు పైగా కలిసొస్తుంది. చేజర్లే మిగతా భారం మోస్తారు. మంచి యాంటెనాలు వేసుకుని, ఫలానా శిఖరం నుంచి బలహీనమైన పిలుపు రాబోతోందని తెలిసి, చెవులు రిక్కించి కూర్చుంటారు. అసలు శ్రమ వారిదేనని ఒప్పుకోవడానికి యాక్టివేటర్లు కొంచెం మొహమాటపడతారు.

ఆ కబురు వారికి ఎలా చేరుతుంది? ఫోను సిగ్నల్ ఉంటే సోటా వెబ్‌సైటులో "ఇప్పుడు ఈ పౌనఃపున్యం మీద ఉన్నాను" అని పెడితే రెండు నిమిషాల్లో గుంపు చేరుతుంది. స్మోకీ కొండల్లో ఫోనును నమ్ముకోలేం. దానికొక చక్కని ఉపాయం ఉంది. ప్రపంచమంతటా కొందరు హ్యాములు తమ రిసీవర్లను కంప్యూటర్లకు కలిపి, గాలిలో వచ్చే మోర్స్ పిలుపులను యంత్రమే చదివి నమోదు చేసేలా ఏర్పాటు చేశారు. దీన్ని రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అంటారు. బయలుదేరే ముందు రోజే ఫలానా సమయానికి ఫలానా శిఖరం మీద ఉంటానని వెబ్‌సైటులో రాసిపెడితే చాలు. పైకెళ్లి సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) అని, తన కాల్ సైన్‌తో (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరుతో) రెండు మూడుసార్లు మోర్స్‌లో కొట్టగానే ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన ఒక యంత్రం ఆ కాల్ సైన్‌ను గుర్తుపడుతుంది, ఆ వివరం దానంతటదే చేజర్ల జాబితాలోకి ఎక్కుతుంది. ఫోను తీయకుండానే పని జరిగిపోతుంది. మోర్స్ పాతబడిందనేవారికి ఇదొక జవాబు.

నిశ్శబ్దం తర్వాత అడవి శిఖరం ఇచ్చే రెండో కానుక చెట్లు. ఆకులు 144 మెగాహెర్ట్జ్‌కు శత్రువులైనా, 20 మీటర్లు, 40 మీటర్లు పొడవుండే తరంగాలు వాటిని పెద్దగా పట్టించుకోవు. పైగా తీగ యాంటెనా కట్టడానికి బోడి శిఖరం మీద మోసుకెళ్లాల్సిన ఫైబర్ గ్లాస్ కర్ర ఇక్కడ అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్‌కు అర తరంగం అంటే దాదాపు 20 మీటర్ల సన్నని తీగ. అదే తీగ 14, 21, 28 మెగాహెర్ట్జ్‌లలోనూ పనిచేస్తుంది. ఒక చివర తీగకూ రేడియోకూ పొంతన కుదిర్చే, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన 49:1 ట్రాన్స్‌ఫార్మరు, రెండో చివర చెట్టు మీద.

ఆ రెండో చివరను పైకెక్కించడం ఒక కళ. సన్నని, నునుపైన తాడుకు 250 నుంచి 350 గ్రాముల ఇసుక సంచి కడతారు. చేతిలో తాడు చుట్టలు చుట్టలుగా ఉంచుకుంటే చిక్కుపడటం ఖాయం. అందుకే దాన్ని ఒక గుడ్డ తొట్టిలోనో, నేల మీద పరిచిన కోటు మీదో వదులుగా వేస్తారు. కొమ్మకు నేరుగా గురిపెట్టకుండా, దాని మీదుగా అవతల పడేలా కింద నుంచి పైకి ఊపి వదలాలి. సంచి కొమ్మ దాటాక తన బరువుతో జారి కిందికి రావాలి. స్ప్రూస్ కొమ్మలు గుబురుగా, గరుకుగా ఉంటాయి కాబట్టి సంచి సగంలో ఆగిపోతుంది. అప్పుడు గుంజకూడదు, మెల్లగా వదులుతూ బిగిస్తూ దించాలి. గుంజితే ముడి కొమ్మ సందున ఇరుక్కుంటుంది, మరుక్షణం విడివడితే రాయి లాంటి సంచి మొహం మీదికి వస్తుంది. తీగ ఏడెనిమిది మీటర్లు లేచినా చాలు. మిగిలిన చివరను నేలకు మీటరు ఎత్తున మరో కొమ్మకు వాలుగా కట్టేస్తే యాంటెనా సిద్ధం.

ఏ చెట్టును ఎంచుకున్నామన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం. లెకాంట్ మీద నిలువునా ఎండి, తెల్లబడి, ఆకులేని మానులు చాలా కనిపిస్తాయి. యూరప్ నుంచి వచ్చిన బాల్సమ్ ఊలీ అడెల్జిడ్ అనే సన్నని పురుగు ఫ్రేజర్ ఫర్ చెట్ల రసం పీల్చి వాటిని చంపింది. ఈ పార్కులో 1963లో దాన్ని గుర్తించారు. ఎండు మాను మీదికి తాడు విసిరితే కొమ్మ కాదు, చెట్టే మీద పడవచ్చు. బతికిన చెట్టుకైనా బెరడు కోసుకుపోయేలా తీగను రాపాడించకూడదు, మేకు కొట్టకూడదు. రక్షిత ప్రాంతాల్లో చెట్లకు ఏదైనా కట్టడం మీద ఒక్కోచోట ఒక్కో కట్టుబాటు ఉంటుంది. ముందే రేంజరును అడిగి తెలుసుకోవాలి.

పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అవి కొనేవారికి చెప్పేవారు కోకొల్లలు. బరువు ఎంత తగ్గిందో మాత్రం చూడండి. ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 లాంటి రేడియో బ్యాటరీ లేకుండా 400 గ్రాముల లోపే. వింటున్నప్పుడు దాదాపు 0.15 ఆంపియర్లు, 5 వాట్లతో ప్రసారం చేస్తున్నప్పుడు ఒక ఆంపియరు చుట్టుపక్కల తీసుకుంటుంది. రెండు గంటలు కూర్చున్నా ఒక ఆంపియర్ అవర్ ఖర్చు కాదు. 3 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ధారాళంగా సరిపోతుంది. అసలు బరువంతా నీళ్లు, వానకోటు, ఉన్ని బట్టలు. ఆలమ్ కేవ్ కాలిబాట మీదుగా లాడ్జి దాకా 8 కిలోమీటర్లు, 800 మీటర్లకు పైగా ఎక్కుడు. కొన్నిచోట్ల బండ అంచున పట్టుకోవడానికి ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. చలికాలం అక్కడ మంచు గట్టిపడి ఉంటుంది.

ఎలుగుబంట్ల గురించి అందరూ అడుగుతారు. తిండి వాసన వచ్చే సంచిని వదిలేసి పోకుండా ఉంటే నల్ల ఎలుగులతో సాధారణంగా గొడవ ఉండదు. భయపడాల్సింది పిడుగుకు. ఆ కొండల పైభాగాల్లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు అనుకోకుండా లేస్తాయి. శిఖరం మీద చెట్టుకు ఇరవై మీటర్ల తీగ కట్టి దాని చివర చేత్తో పట్టుకున్న మనిషికి ఉరుము వినిపించిన తర్వాత అక్కడ పనేమీ లేదు. తీగ విప్పే తీరిక కూడా లేకపోతే వదిలేసి దిగిపోవాలి. ఉరుము లేకపోయినా పొడి గాలికి, మంచు రేణువులకు తీగలో విద్యుదావేశం పోగుపడి రేడియో ముందు భాగాన్ని కాల్చేయగలదు.

ఇవన్నీ కాలక్షేపానికేనా అంటే, ఈ నేర్పు అక్కరకొచ్చిన సందర్భం తెలుగువారికి దగ్గరిదే ఒకటి ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతున్నారు. వెళ్లింది ప్రపంచంలోని హ్యాములకు అండమాన్ సంపర్కం ఇవ్వడానికి. 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. అదే రేడియో, అదే యాంటెనా వార్తలు మోసే దారి అయ్యాయి. ఉన్నదానితో ఎక్కడైనా తీగ కట్టి మాట్లాడగలగడం అప్పటికప్పుడు నేర్చుకునే విద్య కాదు.

లైసెన్సు లేకుండా ఇందులో దేనికీ వీల్లేదు. భారత్‌లో టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది. అమెరికాలో పౌరసత్వం అక్కర్లేదు, ఉద్యోగం మీద వెళ్లినవారు కూడా రాయవచ్చు. మొదటి మెట్టు టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగా రాస్తే చాలు. మోర్స్ పరీక్షను 2007లోనే ఎత్తేశారు. కానీ టెక్నీషియన్లకు 20 మీటర్ల బ్యాండు లేదు. ఇంతసేపు చెప్పిన అడవి కొండ లాభం చాలావరకు అందాలంటే రెండో మెట్టు జనరల్ దాకా వెళ్లాలి. లేకపోతే ఎక్కువగా చేతి రేడియోతోనే చెట్ల మధ్య నిలబడాల్సి వస్తుంది.

చివరిగా ఒక తమాషా లెక్క. సోటా రోజులు, సంవత్సరాలు స్థానిక సమయంలో కాకుండా యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) లెక్కిస్తారు. లెకాంట్ ఉన్న తూర్పు టెనెసీలో డిసెంబరు 31 సాయంత్రం 7 గంటలకే లెక్క ప్రకారం కొత్త సంవత్సరం వచ్చేస్తుంది. కాబట్టి 7కు ముందు నలుగురితో, 7 తర్వాత నలుగురితో మాట్లాడితే ఒకే ఎక్కుడుకు రెండేళ్ల పాయింట్లు. దీనికోసమే ఏటా ఆ సాయంత్రం శిఖరాల మీద కూర్చునేవారు ఉన్నారు. లెకాంట్ మీద అయితే ఆ వేళకు పొద్దు గుంకి గంటన్నర అవుతుంది, లాడ్జి శీతాకాలానికి మూసి ఉంటుంది, దిగేదారిలో ఆ ఉక్కు తీగల దగ్గర మంచు ఉంటుంది. తలదీపం, బూట్లకు ముళ్లపట్టీలు లేకుండా ఆ పాయింట్ల జోలికి పోకపోవడమే నయం.